దూరాన నికాహ్: పిలుపు ఎప్పుడు అందాలి?

సికింద్రాబాదుకు ఈశాన్యాన, మాజీ సైనికుల నివాసాల కోసం రూపుదిద్దుకున్న కాలనీ సైనిక్‌పురి. ఉద్యోగరీత్యా దేశమంతా తిరిగి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలకు బంధుమిత్రులు ఒకచోట ఉండరు. అలాంటి ఒక ముస్లిం కుటుంబం తమ అమ్మాయి నికాహ్‌ను దగ్గరలోని ఫంక్షన్ హాలులో కాక గోవాలో జరపాలని నిశ్చయించుకున్నదనుకుందాం. వేదిక, వంట, బసల గురించి ఆరు నెలల ముందే సంప్రదింపులు మొదలవుతాయి. అతిథులకు కబురు మాత్రం శుభలేఖ అచ్చయ్యేదాకా ఆగుతుంది. మన ఇళ్లలో శుభలేఖ పంచేది సాధారణంగా మూడు నాలుగు వారాల ముందు. ఉన్న ఊళ్లో పెళ్లికి ఆ వ్యవధి చాలు. ఊరుగాని ఊళ్లో పెళ్లికి చాలదు.

ఎందుకు చాలదో రైలు టిక్కెట్టే చెబుతుంది. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. సికింద్రాబాదు నుంచి వాస్కో-డ-గామాకు ఆ ఏడాది అక్టోబరులో మొదలైన రైలు వారానికి రెండు రోజుల బండి. అది కర్నూలు మీదుగా వెళుతుంది కనుక అక్కడి బంధువులు కూడా దానిమీదే ఆశ పెట్టుకుంటారు. పెళ్లి ఇరవై అయిదు రోజులుందనగా కబురు విన్నవారికి అప్పటికే బెర్తులు నిండిపోయి ఉండవచ్చు. ఇక తత్కాల్ అంటారా, అది ప్రయాణానికి ఒక రోజు ముందు తెరుచుకుంటుంది; ఒక టిక్కెట్టుపై నలుగురికి మించి ఇవ్వరు. దాదీతో, పసిపిల్లలతో కలిపి ఆరుగురున్న ఇల్లు దానిని నమ్ముకుని బయలుదేరగలదా?

గల్ఫ్‌లో ఉన్నవారి చిక్కు ఇంకొకటి. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఏడాదికి కనీస సెలవు 21 రోజులు, అయిదేళ్ల సర్వీసు నిండాక 30 రోజులు. ఆ సెలవు ఎప్పుడివ్వాలన్నది యజమాని పని అవసరాన్ని బట్టి ఉంటుంది. రంజాన్ పండుగకు వచ్చి వెళ్లిన మామూను రెండు నెలల తర్వాత మళ్లీ రమ్మంటే ఆయన ఏం చేయగలడు? ముందే తెలిసి ఉంటే పండుగ ప్రయాణం మానుకుని పెళ్లికే వచ్చేవాడు.

ఇక్కడ ధర్మపరమైన అంశం కూడా ఉంది. వలీమాకు పిలుపు అందినవారు హాజరు కావాలన్నది దైవప్రవక్త (స) బోధ. మన ఆహ్వానం ఎదుటివారిపై ఒక బాధ్యతను మోపుతుందన్నమాట. నెరవేర్చే వీలులేని సమయంలో ఆ బాధ్యతను అప్పగించి, రాలేదని నిష్ఠూరమాడటం ఏ విధంగా న్యాయం? అందరినీ పిలిచి తీరాలన్న నియమమూ లేదు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మదీనాలో వివాహం చేసుకున్న సంగతి, ఆయన ఒంటిపై సుగంధపు పసుపు రంగు జాడ చూసి ప్రశ్నించాకే దైవప్రవక్త (స)కు తెలిసింది. ఆయన నొచ్చుకోలేదు, శుభం కలగాలని దీవించి, ఒక్క గొర్రెతోనైనా సరే వలీమా ఇవ్వమన్నారు. కొద్దిమందితో నికాహ్ జరుపుకోవడంలో తప్పు లేదు. పిలిచినవారిని ఇరుకున పెట్టడమే తప్పు.

కనుక శుభలేఖ కోసం ఆగకుండా, తేదీ ఖాయమైన వారంలోనే ఫోనులో కబురు చెప్పడం మేలు. నా దృష్టిలో దేశంలోని వారికి నాలుగు నెలలు, విదేశాల్లోని వారికి ఆరు నుంచి ఎనిమిది నెలలు ఉండాలి. హిజ్రీ తేదీ ఒక్కటే చెబితే నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. టిక్కెట్టు కొనేవారికి ఇంగ్లీషు తేదీ, వారం కూడా చెప్పాలి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుందన్నది, ఇంటర్, పదో తరగతి పరీక్షలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయన్నది తేదీ పెట్టేటప్పుడే గుర్తుండాలి.

అన్నిటికంటే ముఖ్యం, మనవాళ్లు నోరు విప్పడానికి మొహమాటపడేది ఖర్చు సంగతి. బస ఎవరిది, ఎన్ని రాత్రులు, రైల్వే స్టేషను నుంచి వాహనం ఉంటుందా అన్నవి మొదటి ఫోనులోనే చెప్పేయాలి. గది అద్దె తమదేనని అక్కడికి వెళ్లాక తెలుసుకున్న ఖాలా పైకి ఏమీ అనకపోవచ్చు. అయినా ఆ నెల ఆమె ఇంట్లో పిల్లల ఫీజు కట్టడం కష్టమవుతుంది. ఖర్చు భరించలేనివారికి, “మీరు రాలేకపోయినా మేమేమీ అనుకోము” అన్న ఒక్క మాట పెద్ద ఊరట. అది కూడా వారు అడగకముందే మననోట రావాలి.

సినీనటుడు వరుణ్ తేజ్ 2023 నవంబరు 1న ఇటలీలో వివాహం చేసుకుని, తిరిగి వచ్చాక హైదరాబాదులో విందు ఇచ్చారు. వారి ఆర్భాటం మనకు ఆదర్శం కాదు గాని, ఆ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. వలీమాను సొంత ఊరిలో పెట్టుకుంటే సరిపోతుంది. సంపన్నులను పిలిచి పేదలను విడిచిపెట్టిన వలీమా భోజనం అన్నిటికంటే చెడ్డదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. గోవాకు ఎలాగూ రాలేని పక్కింటివారు, పనిమనిషి, మసీదు మౌజన్ సాహెబ్, మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలలేని దాదీ సైనిక్‌పురిలో జరిగే విందుకు హాయిగా రాగలరు. ఆ వలీమా తేదీని కూడా మొదటి ఫోనులోనే చెబితే, రెండు ప్రయాణాల్లో తమకు ఏది వీలో బంధువులే నిర్ణయించుకుంటారు.