బందరు లడ్డూ, నల్ల హల్వా, కూలిన గోపురం

కాళహస్తి గోపురం ఎందుకు కూలిందని కదూ అడిగావు అమ్మలూ? ఆ బందరు మిఠాయి పొట్లం ఇలా తే.

లడ్డూ అరచేతిలో పెట్టి పైనుంచి నొక్కు. ఓర్చుకుంటుంది. ఇప్పుడు రెండువైపులా లాగు. చిట్లిపోయిందా? ఇటుకదీ ఆ గుణమే. ఎంత బరువైనా మోస్తుంది, లాగితే తట్టుకోలేదు. పునాది ఒక మూల కాస్త దిగబడిందంటే పైన గోడ లాగినట్టయి బీట తీస్తుంది. మన గుడివాడ నల్లరేగడిలో ఇళ్ళగోడలు ఎండాకాలం పగిలేదీ అందుకే.

1516లో కృష్ణదేవరాయలు కట్టించిన ఆ ఏడంతస్తుల గోపురం 2010 మే 26 రాత్రి కుప్పకూలింది. బీట పెరగడం ముందే కనిపెట్టి జనాన్ని తప్పించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. మళ్ళీ కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు.

ఇక హల్వా లాగి చూడు. సాగుతుంది! ఉక్కు అలాంటిది. కానీ పొయ్యి దగ్గర పెడితే హల్వా జారిపోదూ? 600 డిగ్రీల వేడికి ఉక్కు బలం సగానికి పడిపోతుంది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో విమానాలు గుద్దిన 110 అంతస్తుల జంట భవనాలను చివరికి పడగొట్టింది ఆ మంటే. ఒకటి 56 నిమిషాలు నిలిచింది, రెండోది 102 నిమిషాలు.

నాకు ముచ్చటేసేది మాత్రం వాటి కింద ఉన్న గొయ్యి. పక్కనే హడ్సన్ నది. నాగాయలంకలో గుంజ పాతడానికి గొయ్యి తీస్తే ఏమవుతుంది? నీళ్ళూరి అంచులు విరిగి పడతాయి. అక్కడ వాళ్ళు కందకం తవ్వుతూనే దాన్నిండా పల్చటి బంకమట్టి నీళ్ళు పోశారు. ఆ బరువుకు అంచులు నిలబడ్డాయి. తర్వాత అడుగునుంచి కాంక్రీటు నింపుకొస్తే బురద పైకి తేలిపోయింది. బురదను బురదతోనే ఆపారన్నమాట! అలా లేచింది మూడడుగుల మందం గోడ.

భవనాలు పడ్డా ఆ గోడ పడలేదు. పడి ఉంటే నది లోపలికొచ్చేది. ఆ గోతిలోనే 1776 అడుగుల కొత్త భవనం లేచి 2014లో తెరుచుకుంది. గోడలో కొంత మ్యూజియంలో అలాగే ఉంచారు. మీ నాన్న వెళ్ళి దాని ముందు ఫొటో దిగి పంపాడు. ఫొటోనిండా వాడే, గోడ కనపడితే ఒట్టు.