మైక్రోకంట్రోలర్ బోర్డులకు ప్రోగ్రామ్ ఎక్కించడం: సీరియల్ పోర్టు ఎంపికలో సమస్యలు, పరిష్కార క్రమం

వ్యాససంగ్రహం:
మైక్రోకంట్రోలర్ బోర్డులోకి ప్రోగ్రామ్ ఎక్కకపోతే అభ్యాసకుని అనుమానం ముందుగా తాను రాసిన కోడ్ మీదికి పోతుంది. కంపైలేషన్ పూర్తయ్యాక, ఎక్కించే దశలో లోపం వస్తే వెతకవలసింది కోడ్‌లో కాదు. కంప్యూటర్‌కూ బోర్డుకూ నడుమ ఉన్న మార్గంలో. ఆర్డుయినో యూనో బోర్డు ఆధారంగా ఆ లోపాలను మూడు రకాలుగా విభజించి, వాటిని గుర్తించే క్రమాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సీరియల్ పోర్టు, ఆర్డుయినో, యూఎస్‌బీ, డ్రైవర్, బూట్‌లోడర్.

1. పోర్టు పేరు - స్వభావం:
యూనోలోని ప్రధాన చిప్ ఏటీమెగా 328పీకి యూఎస్‌బీ ద్వారా నేరుగా సంభాషించే సామర్థ్యం లేదు. అందువల్ల ఏటీమెగా 16యూ2 అనే మరొక చిప్ దుబాసీగా వ్యవహరిస్తుంది. తక్కువ ధరకు లభించే అనుకరణ బోర్డులు అనేకంలో ఈ పనిని సీహెచ్ 340 చిప్ చేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ గుర్తించేది ఈ దుబాసీనే. దానికి విండోస్ ‘కామ్ 3’ వంటి పేరును, లినక్స్ ‘టీటీవై ఏసీఎం 0’ లేదా ‘టీటీవై యూఎస్‌బీ 0’ వంటి పేరును ఇస్తుంది. ఈ పేరు బోర్డుకు శాశ్వతమైన చిరునామా కాదు. సీహెచ్ 340 బోర్డుల్లో సాధారణంగా ప్రత్యేక క్రమసంఖ్య ఉండదు కాబట్టి, విండోస్‌లో కేబుల్‌ను వేరొక సాకెట్‌కు మార్చితే పోర్టు సంఖ్య కూడా మారవచ్చు. నిన్న పనిచేసిన ఎంపిక నేడు విఫలం కావడానికి ఇదొక కారణం.

2. లోపాలు - వర్గీకరణ:

2.1 పోర్టు కనిపించకపోవడం:
బోర్డును తీసినప్పుడు, తిరిగి కలిపినప్పుడు పోర్టుల జాబితాను పోల్చి చూడాలి. కొత్తగా చేరిన పేరే ఆ బోర్డుది. ఏ పేరూ చేరకపోతే ముందుగా కేబుల్‌ను మార్చాలి. కొన్ని ఛార్జింగ్ కేబుళ్లలో విద్యుత్తుకు మాత్రమే తీగలుంటాయి, సమాచారానికి ఉండవు. అందుకే బోర్డుపై దీపం వెలిగినంత మాత్రాన అనుసంధానం కుదిరినట్లు కాదు. కేబుల్ సరైనదే అయితే డ్రైవర్‌ను పరిశీలించాలి.

2.2 ప్రవేశం దొరకకపోవడం:
పోర్టు కనిపిస్తున్నా తెరుచుకోదు. ఒక పోర్టును సాధారణంగా ఒకేసారి ఒక ప్రోగ్రామే వినియోగించగలదు. మరొక సాఫ్ట్‌వేర్‌లో సీరియల్ మానిటర్ తెరిచి ఉంటే దాన్ని మూసివేయాలి. ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థల్లో వినియోగదారుని ‘డయల్ అవుట్’ బృందంలో చేర్చి, ఒకసారి లాగ్ అవుట్ అయి తిరిగి ప్రవేశించాలి.

2.3 జవాబు రాకపోవడం:
పోర్టు తెరుచుకుంటుంది కానీ బోర్డు స్పందించదు. ‘నాట్ ఇన్ సింక్’ అనే సందేశం ఈ కోవకు చెందుతుంది. వేరొక పరికరం పోర్టును ఎంచుకోవడం, బోర్డు రకాన్ని తప్పుగా ఎంచుకోవడం ఇందుకు ప్రధాన కారణాలు. నానో బోర్డుల్లో పాత బూట్‌లోడర్ సెకనుకు 57,600 బిట్ల వేగంతోను, కొత్తది 1,15,200 బిట్ల వేగంతోను పనిచేస్తాయి. కాబట్టి మెనూలో సరైన బూట్‌లోడర్‌ను ఎంచుకోవాలి. యూనోలో 0, 1 పిన్‌లు సీరియల్ సంభాషణకే ఉపయోగపడతాయి. వాటికి సెన్సర్ లేదా బ్లూటూత్ మాడ్యూల్ కలిపి ఉంటే, ప్రోగ్రామ్ ఎక్కించేంతవరకు తొలగించాలి.

3. ముగింపు:
ఈ మూడు వర్గాల క్రమం యాదృచ్ఛికం కాదు. కనిపించని పోర్టును తెరవలేము, తెరుచుకోని పోర్టు నుండి జవాబును ఆశించలేము. ఆంగ్లంలో వచ్చే లోప సందేశాలన్నీ కొత్త విద్యార్థికి ఒకేలా తోస్తాయి. కనిపించలేదా, ప్రవేశం దొరకలేదా, జవాబు రాలేదా అనే మూడు ప్రశ్నలను అతడు తన భాషలో వేసుకోగలిగితే, తప్పులేని కోడ్‌ను పదేపదే తిరగరాసే శ్రమ తప్పుతుంది. పనిచేసే బోర్డును పాడైందని పక్కన పెట్టే నష్టమూ తప్పుతుంది. ప్రయోగశాల బోధనలో కోడ్ రచనకు ముందే ఈ పరీక్షా క్రమాన్ని పరిచయం చేయడం సముచితం.