రబ్బరు పాటింపని సూత్రము

పావగడలో పి.యు.సి. చదువుచున్న ఒక విద్యార్థిని, ఇంట తెలుగును, వీధిలో కన్నడమును, భౌతికశాస్త్రమున ఇంగ్లీషును వాడుకొను మన సరిహద్దు తాలూకా బిడ్డ, మా పత్రికకు వ్రాసిన ప్రశ్న యిది: "ఘర్షణ స్పర్శా వైశాల్యముపై ఆధారపడదని మా పుస్తకము చెప్పుచున్నది. అట్లయినచో డ్రాగ్ రేసు కార్లకు వెనుక అంత వెడల్పు టైర్లెందుకు?" సంపాదకులు రెండు పంక్తులలో జవాబిమ్మనిరి. ఈ ప్రశ్నకు రెండు పంక్తులు చాలునని తలచువారు టైరును గూర్చి ఎన్నడును ఆలోచించి యుండరు.

డ్రాగ్ రేసనగా నేమో త్వరగా చెప్పి ముందుకు సాగెదను. రెండు వాహనములు ప్రక్కప్రక్కన నిలిచి, నిశ్చలస్థితినుండి బయలుదేరి, తిన్నని బాటపై సాధారణముగా పావు మైలును, అనగా 402 మీటర్లను, ఏది ముందు దాటునో తేల్చుకొను పందెము. మలుపులు లేవు, చుట్లు లేవు. దీని తొలి ఆటస్థలములలో ననేకము విమానముల రన్‌వేలే. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా విమానాశ్రయమున సి.జె. హార్ట్ టిక్కెట్టు పెట్టి పందెములు నడపెను; 1951లో వాలీ పార్క్స్ జాతీయ సంఘమును స్థాపించెను; 1955లో ఆ సంఘపు తొలి జాతీయ పోటీ కాన్సస్ రాష్ట్రపు గ్రేట్ బెండ్‌లో, యుద్ధకాలపు విమానక్షేత్రముపై జరిగెను. మనవైపు ఇట్టి రన్‌వే మదరాసునుండి నెల్లూరు పోవు దారిలోని షోలవరము. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దశాబ్దములపాటు పందెములు నడపినది అచ్చటనే. అవి ప్రధానముగా చుట్టుపందెములు. ఆ క్లబ్బు తరువాత ఇరుంగాట్టుకోట్టైలో కట్టుకొన్న ట్రాకుపై నేడు జాతీయ మోటారుసైకిల్ డ్రాగ్ పోటీలు జరుగుచున్నవి. బెంగళూరి హేమంత్ ముద్దప్ప వానిలో పలుమార్లు విజేత. చరిత్ర ఇంతటితో చాలును. నా మనసంతయు టైరు నేలను తాకు ఆ జానెడు చోటునందే యున్నది.

పావగడను మూడు వైపుల చుట్టియున్న అనంతపురపు సీమలో తిరునాళ్లకు బండలాగుడు పోటీ చూచినవారికి ఘర్షణయొక్క రెండు ముఖములును ఎరుకయే. వెనుక బండ నేలను పట్టుకొని రానని మొరాయించును. ముందు ఎద్దుల గిట్టలు నేలను పట్టుకొననిదే ఆ బండ కదలదు. జతకు ఎంత బలమున్నను గిట్ట జారెనా, ఆ బలము వ్యర్థము. ఇంజనుకును ఇదే గతి: వేయి గుఱ్ఱముల శక్తి యున్నను, టైరు నేలను నెట్టగలిగినంత మేరకే కారు ముందుకు పోవును.

బండ విషయమున ఆ అమ్మాయి పుస్తకము చెప్పునది ఒప్పే. ఆ సూత్రమును 1699లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ముందుంచినవాడు గియోమ్ అమోంటన్. అంతకు సుమారు రెండు వందల యేండ్లకు ముందే లియొనార్డో డావించి దానిని గ్రహించి, నోటుపుస్తకములలో వ్రాసికొని యూరకుండెను. బరువు రెట్టింపైన ఘర్షణయు రెట్టింపగును. బండను వెడల్పు ముఖముపై పరుండబెట్టినను, సన్నని ముఖముపై నిలిపినను ఘర్షణ యొక్కటే. దీనికి కారణమేమన్నచోటనే మహామహులు తప్పటడుగు వేసిరి. గరుకుతలముల మిట్టపల్లములు ఒకదానిపై నొకటి ఎక్కవలసి వచ్చుటయే ఘర్షణ యని పదునెనిమిదవ శతాబ్ది చివర కులూంబ్ నిశ్చయించెను. తలములు పరస్పరము అంటుకొనుటవలన ఘర్షణ పుట్టునేమో యను తలంపు అతనికి రాకపోలేదు. అట్లయినచో వైశాల్యముతోపాటు పెరుగవలెను గదా, పెరుగుట లేదు గదా యని దానిని త్రోసిపుచ్చెను. ఎక్కినది దిగవలెను గదా, ఎక్కునపుడు వెచ్చించిన శక్తి దిగునపుడు తిరిగి చేతికి రావలెను గదా, మరి నష్టమైన దెక్కడికి పోయినదని 1804లో జాన్ లెస్లీ అడిగిన ప్రశ్నకు కులూంబ్ పక్షమున సమాధానము లేదు. అయినను ఆ రంపపుపండ్ల బొమ్మ నేటికిని పాఠ్యపుస్తకములను వదలలేదు. ఇది నాకు ఎన్నడును మ్రింగుడుపడని సంగతి.

చిక్కు విడదీసినవారు కేంబ్రిడ్జిలోని బౌడెన్, టేబర్ అను నిరువురు. ఇరువదవ శతాబ్ది నడుమ వారు చూపినదేమనగా, రెండు లోహములు కంటికి ఎంత మేర తాకుచున్నట్లు తోచినను, నిజముగా తాకునవి శిఖరములు మాత్రమే. ఆ నిజస్పర్శ పైకి కనిపించు వైశాల్యములో అత్యల్పభాగము. బరువు పెరిగినకొలది శిఖరములు నలిగి, నిజస్పర్శ అదే నిష్పత్తిలో పెరుగును. కనుక ఘర్షణ వైశాల్యముపై ఆధారపడియే యున్నది, కాని కులూంబ్ కొలిచిన వైశాల్యముపై కాదు!

ఇప్పుడు రబ్బరు. రబ్బరు నలుగదు, అణగి, మరల లేచును. ఇట్టి స్థితిస్థాపక పదార్థము ఒక గుండ్రని శిఖరమును తాకునపుడు, 1882లో హెర్ట్‌జ్ కట్టిన లెక్క ప్రకారము, బరువు ఎనిమిది రెట్లయినను స్పర్శ నాలుగు రెట్లే యగును. తిరుగవేసి చూడుడు: అదే బరువును ఎనిమిది చోట్లకు పంచినచో మొత్తము స్పర్శ రెట్టింపగును. నిజపు టైరు ఈ లెక్కను అచ్చముగా అనుసరింపదు గాని, పోకడ మాత్రము ఇదియే. భారమును పలుచగా పరచినకొలది రబ్బరు గట్టిగా పట్టుకొనును. దీనికి తోడు మెత్తని రబ్బరు రోడ్డు కంకర గరుకులోనికి దిగి, లేచునపుడు తాను గ్రహించిన శక్తినంతయు తిరిగి ఈయక, కొంత వేడిగా మార్చుకొనును. ఆ నష్టము సైతము ఘర్షణయై మనకు లాభించును. అంటుకొనుట, శక్తిని మ్రింగుట అను ఈ రెండును వేగమునుబట్టి, ఉష్ణోగ్రతనుబట్టి ఎట్లు మారునో 1963లో గ్రోష్ ప్రయోగములతో తేల్చెను.

అయితే వెడల్పే సర్వమనుకొనుటయు పొరపాటే. గాలి పీడనము మార్పకుండ టైరును వెడల్పు చేసినచో నేలను తాకు మచ్చ పెద్దది కాదు, దాని ఆకారము మాత్రము మారును. రహస్యము గాలి తగ్గించుటలో నున్నది. మన కారు టైరులో చదరపు అంగుళమునకు ముప్పది పౌండ్లకు పైబడి గాలి నింపుదుము. నేటి అగ్రశ్రేణి డ్రాగ్ కారు వెనుక టైరులో ఏడు పౌండ్లకు మించి యుండదు. బయలుదేరు క్షణమున దాని ప్రక్కగోడలు ముడుతలు పడి, టైరు నేలపై పరచుకొనును. ఇక వెడల్పెందుకన్నచో, అంత మెత్తని రబ్బరు సన్నని టైరులో నిమిషమైనను నిలువదు. పుట్టిన వేడిని పంచుకొనుటకు చోటు కావలెను.

పందెపుబాటలపై తప్పులు చేసినవారిని తలచుకొన్నచో నాకు మరింత ముచ్చట. ఘర్షణ గుణకము, అనగా ఘర్షణకు బరువుతో గల నిష్పత్తి, 1ని మించదని ఏ సూత్రములోను లేదు. అది కేవలము అలవాటువలన వచ్చిన నమ్మకము. ఆ నమ్మకముతో లెక్కించినచో కారు త్వరణము గురుత్వ త్వరణమును మించదు. పావు మైలుకు 9.06 సెకండ్లు పట్టవలెను, చివరి వేగము గంటకు 320 కిలోమీటర్లకు లోబడవలెను. 1950 దశకములో కాగితముపై హద్దులు గీచిన లెక్కలవారు ఈ త్రోవనే పోయిరి. 1964 ఆగస్టు 1న న్యూజెర్సీలోని గ్రేట్ మెడోస్ బాటపై డాన్ గార్లిట్స్ 7.78 సెకండ్లలో, గంటకు 201.34 మైళ్ల, అనగా 324 కిలోమీటర్ల వేగముతో దాటెను. సగటు తీసినచో త్వరణము గురుత్వమునకు 1.36 రెట్లు, మొదటి గజములలో ఇంకను హెచ్చు. లెక్కలు కట్టినవారికంటె గ్రీజు చేతుల మెకానికులకే రబ్బరు బాగుగా తెలిసియుండెను. అయినను వారును ఒకచోట మోసపోయిరి. ఏండ్ల తరబడి బాట పొడవునా చక్రములు గిఱ్ఱున తిరుగుచు పొగలు చిమ్ముటయే శౌర్యమని వారు నమ్మిరి. టైరు పట్టు అత్యధికముగా నుండునది స్వల్పముగా, నూటికి పది ఇరువది పాళ్లు, జారునపుడే; అంతకు మించి జారినకొలది పట్టు సడలును. క్లచ్చును జారనిచ్చి టైరును మితిమీరి జారనీయకుండ నడుపుట నేర్చినపిదపనే కాలములు మరింత తగ్గినవి. బయలుదేరుటకు ముందు చక్రములను త్రిప్పి పొగ లేపుట నేటికిని కలదు గాని, అది రబ్బరును వేడిచేయుటకు మాత్రమే.

దీనివలన మనకేమి ప్రయోజనమని అడుగువారు ఎట్లును ఉందురు. బ్రేకు వేసినపుడు చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏ.బి.ఎస్. ఆ స్వల్పజారుడు సూత్రముపైననే పనిచేయుచున్నదని వారికి చెప్పి ఊరకుందును. కాని మరొక తెగవారిని విడిచిపెట్టలేను. డ్రాగ్ టైరు నున్నగా నుండుట చూచి, అరిగి నున్ననైన తమ టైరుకును పట్టు పెరిగినదని వాదించువారు మన రోడ్లమీద తక్కువ లేరు. నున్నని టైరు పొడి బాటకు మాత్రమే. వాన చినుకు పడినచో డ్రాగ్ పందెమునే ఆపివేయుదురు. నీటిని వెలికి నెట్టుటకు గాడులు కావలెను. అరిగిన టైరుకు గాడులును లేవు, మెత్తదనమును లేదు. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినచో, వానకాలము రాకముందే మార్పించుకొనుడు.