పాత లాప్‌టాప్‌నకు క్రొత్త ముంగిలి

అటుకమీద పాత ఇత్తడి గంగాళము, కాళ్లు ఊగు కుర్చీ, వాని నడుమ గుడ్డలో చుట్టిపెట్టిన లాప్‌టాప్. ఇటీవల మన యిండ్లలో తరచుగా కనబడు దృశ్యమిది. అది చెడిపోలేదు. మీట నొక్కిన దీపము వెలుగును. కాని తెర తెరచుకొనులోపల కాఫీ కాచుకొని త్రాగి రావచ్చును. పైగా 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 10కు సాధారణ మద్దతును ముగించిరి. విండోస్ 11 కావలెనన్నచో యంత్రములో టి.పి.ఎం. 2.0 అను భద్రతా ఏర్పాటు ఉండవలెను. పాత యంత్రములు పెక్కింటికి అది లేదు.

మా ప్రక్కయింట ఇంటర్మీడియెటు చదువు బాలిక యొకతె యున్నది. పాఠములు వినుటకు ఆమెకు తండ్రి సెల్‌ఫోనే గతి. అది రాత్రి యెనిమిది దాటినగాని యిల్లు చేరదు. అటుకమీద మాత్రము 2011లో కొన్న లాప్‌టాప్ రెండు గిగాబైట్ల ర్యాముతో ఊరక పడియున్నది. దానిని దింపించి మేము చేసిన పనిని శ్రోతలకు చెప్పుట యీ ప్రసంగమునందలి ఉద్దేశము.

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ నేడు ఎల్లరకును ఉచితముగా లభించుచున్నది. లినక్స్ అనునది లోపలి యంత్రాంగము. దానిపై మనము చూచు తెర, మెనూ, కిటికీలు వేరు. ఈ పై భాగమునకే డెస్క్‌టాప్ అని పేరు. ఇంటికి ముంగిలి వంటిదని మా భావన. పునాది మార్చకయే ముంగిలిని మార్చుకొనవచ్చును. ముంగిళ్లలో బరువైనవి కలవు, తేలికయైనవి కలవు. 1996లో ఒలివియే ఫూర్దాన్ మొదలిడిన ఎక్స్.ఎఫ్.సి.ఇ. తేలికవానిలో పేరు పొందినది. దాని చిహ్నము ఎలుక. వినాయకుని మోయగలిగిన ఎలుకకు మన పాత లాప్‌టాప్ ఒక లెక్కయా అని మేము నవ్వుకొంటిమి.

ఎక్స్.ఎఫ్.సి.ఇ.తో కూడిన లినక్స్ మింట్‌ను మేము ఎన్నుకొంటిమి. దానికి రెండు గిగాబైట్ల ర్యాము కనీసమనియు, నాలుగున్నచో సుఖమనియు మింట్ వారే చెప్పుచున్నారు. ఎనిమిది గిగాబైట్ల పెన్‌డ్రైవుపై దానిని వ్రాసి, యంత్రమును ఆ పెన్‌డ్రైవునుండి మేల్కొలుపవలెను. ఇందులకు నొక్కవలసిన మీట ఎఫ్12 కావచ్చును, ఎఫ్9 కావచ్చును. తయారుచేసినవారిని బట్టి మారును. ఈ స్థితిలో హార్డ్ డిస్కునకు ఏ మార్పును జరుగదు. వైఫై కలియుచున్నదా, ధ్వని వినవచ్చుచున్నదా, తెర వెలుగు తగ్గుచున్నదా అని గంటసేపు పరీక్షించి, నచ్చకున్న పెన్‌డ్రైవు తీసివేయవచ్చును. పెండ్లిచూపులవలె ననుకొనుడు.

నచ్చి స్థాపింపబూనినప్పుడు మాత్రము తొందర పనికిరాదు. డిస్కు మొత్తము తుడుచుటకు అనుమతి నిచ్చితిమా, అందున్నది తిరిగి రాదు. ఆ బాలిక తండ్రి "అందులో ఏమియు లేదండీ, కానిండు" అనెను. మేము ఊరకుండక వెదకి చూచితిమి. గతించిన వారి తాతగారి షష్టిపూర్తి ఫొటోలు అందే యున్నవి. మరెక్కడను వానికి ప్రతి లేదు. వానిని వేరొక డిస్కునకు చేర్చి, తెరచి చూచి, అవి సరిగా నున్నవని రూఢి చేసికొనిన పిమ్మటనే పనికి పూనుకొంటిమి.

ఇక అలంకరణ. క్రొత్తవారు మొదట రంగులు, చిత్రములు మార్చి సంతోషింతురు. మార్చుకొనవచ్చును, వానివలన వేగము పెరుగదు, తరుగదు. వేగము కావలసినవారు సెట్టింగ్స్ మేనేజరులో రెండు చోట్ల చూడవలెను. సెషన్ అండ్ స్టార్టప్ అనుచోట, యంత్రము లేచునపుడే తామును లేచు కార్యక్రమముల పట్టిక యుండును. బ్లూటూత్ వాడనివారు దానిని, ప్రింటరు లేనివారు దాని సహాయకుని అందునుండి తప్పింపవచ్చును. పేరు తెలియనిదానిని ముట్టకుండుట మేలు. రెండవది విండో మేనేజర్ ట్వీక్స్‌లోని కంపోజిటర్. కిటికీలకు నీడలు, పారదర్శకత కల్పించునదిదియే. పాత యంత్రమున దీనిని ఆపిన చేయి తేలికపడును. చలనచిత్రము చూచునపుడు బొమ్మ అడ్డముగ చీలినట్లు కనబడినచో తిరిగి పెట్టుకొనవలెను.

పెద్దవారికి అక్షరములు చిన్నవగుట మరియొక యిబ్బంది. అప్పియరెన్స్‌లోని ఫాంట్ల పుటలో డి.పి.ఐ. అను సంఖ్య సాధారణముగా 96 ఉండును. దానిని 110 చేసిన అద్దములు వెదకుకొను పని తగ్గును. తెలుగు వ్రాయగోరువారు కీబోర్డు అమరికలో భారతీయ భాషలనుండి తెలుగును చేర్చుకొనవలెను. పోతన, వేమన అను పేర్లు గల అందమైన ఫాంట్లును ఉచితముగా లభించును.

అడుగున పట్టీవలె కనబడుదానిని పానెల్ అందురు. దీనితోనే మేము భంగపడితిమి. దానిని పైకి జరుపబోయి, ఏదో నొక్కి, మూసివేసితిమి. మెనూ లేదు, గడియారము లేదు, తెర బోసిపోయినది. బాలిక మా ముఖము చూచినది. మేము తెర చూచితిమి. ఆల్ట్, ఎఫ్2 మీటలు కలిపి నొక్కగా ఒక చిన్న పెట్టె వచ్చును. అందులో ఎక్స్.ఎఫ్.సి.ఇ.4-పానెల్ అని ఆంగ్లాక్షరములతో, చుక్కలు లేకుండ, చిన్న గీతను విడువక వ్రాసి ఎంటర్ నొక్కగానే పట్టీ తిరిగి వచ్చినది. ఈ చిట్కాను ఆమె తన నోటుపుస్తకము అట్టవెనుక వ్రాసికొన్నది.

ఒక నిజము దాచరాదు. ముంగిలి ఎంత తేలికయైనను బ్రౌజరు తేలిక కాదు. పది పుటలు ఒకేమారు తెరచిన రెండు గిగాబైట్లు ఎంతసేపటికి? అందుచేత బజారున పాత ర్యాము మరి రెండు గిగాబైట్లు కొని చేర్చితిమి. తిరుగు హార్డ్ డిస్కునకు మారుగా ఎస్.ఎస్.డి. పెట్టించినచో కలుగు మార్పు పై సవరణలన్నిటికంటె నెక్కువ. ఆ యింటివారు దానిని సంక్రాంతి తరువాత చూచెదమనిరి. బ్యాటరీ ప్రాణము మాత్రము ఏ లినక్సును తిరిగి తేజాలదు. ఆ యంత్రము ఎల్లప్పుడును గోడకు కట్టుబడియే యుండును.

ఇప్పుడు సాయంకాలము ఐదు గంటలకే ఆ యింటినుండి భౌతికశాస్త్ర పాఠము మాకు వినబడుచున్నది. పుటలు మూడింటికి మించి తెరవరాదని ఆమెయే తన తమ్మునికి ఆంక్ష పెట్టినది. తెరమీద చిత్రముగా తాతగారి షష్టిపూర్తి ఫొటో నుంచినది.