టీవీలో ‘నో సిగ్నల్’ వస్తోందా? డిష్ తిప్పే ముందు ఈ రెండు గీతలు చూడండి.. దేవరుప్పుల నుంచి శాటిలైట్ ఎటు ఉందంటే!

వాన వెలిసి గంట దాటింది. అయినా టీవీ తెరపై అదే మాట.. ‘నో సిగ్నల్’. జనగామ జిల్లా దేవరుప్పుల లాంటి ఊళ్లలో ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని డాబా ఎక్కి డిష్‌ను అటూ ఇటూ తిప్పడం. చిన్న సమస్య పెద్దదయ్యేది అక్కడే. కేబుల్ కొసన పట్టిన కాస్త తుప్పుతో పోయేదానికి, సరిగ్గా ఉన్న యాంగిల్ కూడా చెడిపోతుంది. ఇక మెకానిక్ రావాల్సిందే, విజిటింగ్ ఛార్జీ ఇవ్వాల్సిందే.

ముందు ఆ ‘నో సిగ్నల్’ అంటున్నది టీవీనా, సెటప్ బాక్సా అన్నది తేల్చుకోవాలి. బాక్స్ రిమోట్‌లో మెనూ బటన్ నొక్కండి. మెనూ రాకపోతే డిష్‌కు సంబంధమే లేదు. బాక్స్ ఆన్‌లో ఉందో లేదో, టీవీకి వెళ్లే వైరు వదులైందేమో, ఇంట్లో ఎవరైనా ఇన్‌పుట్ మార్చారేమో చూస్తే సరిపోతుంది. ‘రీఛార్జ్ చేయండి’, ‘ఈ ఛానల్ మీ ప్యాక్‌లో లేదు’ లాంటి మెసేజ్ ఉన్నా అంతే, డాబా ఎక్కక్కర్లేదు.

మెనూ వచ్చిందంటే అసలు పని మొదలు. సెట్టింగ్స్‌లో సిగ్నల్ స్ట్రెంత్, క్వాలిటీ అని రెండు గీతలు ఉంటాయి. మెకానిక్ వచ్చి ముందు చూసేది కూడా వీటినే. స్ట్రెంత్ బాగానే ఉండి క్వాలిటీ సున్నా అయితే, కరెంటు ఎల్ఎన్‌బీ దాకా వెళుతోంది కానీ డిష్ శాటిలైట్‌ను చూడటం లేదని అర్థం. గాలికో, కోతులు ఊపడం వల్లో డిష్ కదిలి ఉండొచ్చు, లేదా ఏదైనా అడ్డు వచ్చి ఉండొచ్చు. రెండూ సున్నా అయితే మాత్రం డిష్‌ను ముట్టుకోవద్దు. తప్పు ఎక్కువగా కేబుల్‌లోనో, కనెక్టర్‌లోనో, ఎల్ఎన్‌బీలోనో ఉంటుంది.

ఎల్ఎన్‌బీ అంటే డిష్ ముందు కొమ్మ చివర ఉండే చిన్న డబ్బా. దానికి వేరే కరెంటు వైరు ఉండదు. బాక్సే అదే కేబుల్ ద్వారా 13 లేదా 18 వోల్టులు పంపుతుంది. కొన్ని ఛానళ్లు 13 మీద వస్తే, మిగతావి 18 మీద వస్తాయి. అందుకే సగం ఛానళ్లు బాగా వచ్చి సగం రాకపోతే డిష్‌ను అనుమానించేకన్నా కేబుల్, ఎల్ఎన్‌బీలను చూడటం మేలు. బాక్స్ ప్లగ్ తీసేశాకే కనెక్టర్ విప్పాలి. మధ్య రాగి తీగ నల్లబడిందా, పచ్చగా చిలుము పట్టిందా చూడండి. చుట్టూ ఉండే అల్లిక తీగల్లో ఒక్క పోగు మధ్య తీగకు తగిలినా షార్ట్ అవుతుంది. పాడైన కొస రెండంగుళాలు కోసి కొత్త కనెక్టర్ బిగిస్తే చాలాసార్లు బొమ్మ వచ్చేస్తుంది. బయటి జాయింట్‌కు టేప్ చుట్టి, దాని కింద కేబుల్‌ను కాస్త వేలాడేలా వదలండి. నీళ్లు లోపలికి పోకుండా అక్కడే కారిపోతాయి.

ఇక డిష్ దిక్కు సంగతి. పక్కింటి డిష్ చూసి మనదీ అటే తిప్పుదామనుకుంటారు. రెండూ ఒకే కంపెనీవైతేనే ఆ లెక్క కుదురుతుంది. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 శాటిలైట్ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. దేవరుప్పుల నుంచి చూస్తే అది ఆగ్నేయంలో, దాదాపు 64 డిగ్రీల ఎత్తున ఉన్నట్టు. టాటా ప్లే శాటిలైట్లు 83 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి ఆ డిష్ దాదాపు దక్షిణానికే తిరగాలి. ఎయిర్‌టెల్ వాడేది 108.2 డిగ్రీల దగ్గరిది, అది ఇంకా తూర్పు వైపుకు ఉంటుంది. ఇవన్నీ భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగేవే. ఇంట్లో ఉండే 60 సెంటీమీటర్ల డిష్ అంచు అర సెంటీమీటర్ జరిగితే చూపు దాదాపు ఒక డిగ్రీ తప్పుతుంది. అంటే అంత ఎత్తున 600 కిలోమీటర్లకు పైగా పక్కకు పోయినట్టే.

ఈ డిష్‌లు కనిపించేంత కిందికి చూడవు. గోడలా నిటారుగా ఉన్నట్టున్నా వాటి చూపు బాగా పైకి ఉంటుంది. అందుకే వీధి చివరి చెట్టును తిట్టుకుని లాభం లేదు. ఫ్రీ డిష్‌కు పది అడుగుల దూరంలో ఉన్న వేపచెట్టు, డిష్ కన్నా సుమారు 20 అడుగులు ఎత్తు పెరిగితేనే అడ్డం వస్తుంది. దగ్గరి కొమ్మలను మాత్రం వదలొద్దు. ఎండాకాలంలో బాగానే వచ్చి, చిగుళ్లు దట్టమయ్యాక సిగ్నల్ తగ్గిందంటే కారణం అదే కావొచ్చు.

జోరు వానలో సిగ్నల్ పోతే అది రిపేరు కాదు. ఈ తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్ల దాకానే ఉంటుంది. పెద్ద చినుకులు వాటిని పీల్చేస్తాయి, చెదరగొడతాయి. మన ఇంటి మీద చుక్క పడకపోయినా, డిష్ చూసే వైపు రెండు కిలోమీటర్ల అవతల కుండపోత కురుస్తుంటే చాలు. వాన తగ్గాక దానంతట అదే రావాలి. అప్పటికీ రాకపోతేనే పైన చెప్పినవన్నీ. తడిసిన డాబా మీద, ఉరుముల్లో ఇనుప పైపు పట్టుకోవడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. డిష్‌కు కరెంటు తీగలు దగ్గరగా ఉంటే దాని జోలికి వెళ్లకుండా 1912కు ఫోన్ చేయండి.

నిజంగానే డిష్ కదిలిందని తేలితే, నట్లు విప్పే ముందు ఇప్పుడున్న చోట మార్కర్‌తో గీత పెట్టుకోండి. ఒకరు డాబా మీద, ఒకరు టీవీ ముందు ఫోన్ పట్టుకుని ఉండాలి. వెంట్రుకవాసి జరిపి, నాలుగైదు సెకన్లు ఆగాలి. బాక్స్ సిగ్నల్‌ను గుర్తించడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది. చూడాల్సింది క్వాలిటీ గీతనే. అది పెరిగిన చోట నట్లు బిగించేయాలి. బిగించేటప్పుడు కూడా డిష్ కాస్త జరుగుతుంది, టీవీ ముందున్నవాళ్లు అప్పుడే లేచిపోవద్దు.