పాత ఆటలోకి కొత్త సైన్యాలు ఎందుకు?

1999లో వచ్చిన కంప్యూటర్ ఆటను ఇవాళ్టికీ ఎందుకు ఆడుతున్నారు? ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ మొదలైనప్పుడు అందులో ఉన్నవి 13 నాగరికతలే. మరుసటి ఏడు ఇంకో ఐదు చేరాయి. 2022లో మన వంతు వచ్చింది. అప్పటిదాకా ‘ఇండియన్స్’ అంటూ ఒకే ముద్దగా ఉన్నదాన్ని హిందుస్తానీలుగా మార్చి, ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులను కొత్తగా దింపారు.

ఎందుకంత శ్రమ? ఇలాంటి వ్యూహాల ఆటలకు ఒక జబ్బుంది. గుర్రాలను బల్లెంవాళ్లు ఆపుతారు, బల్లెంవాళ్లను విలుకాళ్లు పడగొడతారు. ఈ లెక్క బట్టీ పట్టేశాక బుర్రకు పనుండదు, చేతివేగమే మిగులుతుంది.

కొత్త దళం ఆ బట్టీని చెడగొడుతుంది. గుర్జరుల శ్రీవంశ రౌతునే చూడండి. మీదికొచ్చే బాణాల్లో మొదటి కొన్నింటిని తప్పించుకుంటాడు. ఆ శక్తి అయిపోయాక మళ్లీ నిండడానికి కాస్త సమయం పడుతుంది. విలుకాళ్లను గుంపుగా నిలబెడితే చాలనుకున్నవాడు తల గోక్కోవాల్సిందే!

అలాగని మహా బలవంతుణ్ణి చేర్చేస్తే అందరూ అతన్నే ఎంచుకుంటారు, వైవిధ్యం గోవిందా. అందుకే ద్రావిడులకు ఓడలు, కాల్బలం గట్టిగా ఇచ్చి, నైట్ల వంటి గుర్రపు దళాన్ని ఇవ్వలేదు. విడుదలయ్యాక కూడా ధర, ప్రాణబలం వంటి అంకెలను అప్‌డేట్లలో అటూ ఇటూ జరుపుతూనే ఉంటారు. నన్నడిగితే, కొత్త బొమ్మ గీయడం కన్నా ఈ సర్దుబాటే కష్టం.

ఈసారి మీ ఆటకు అప్‌డేట్ వస్తే, ముందు మారిన అంకెల జాబితా చదవండి.