టీవీకి తగిలించిన ఆటపెట్టె: వీడియో గేమ్ యంత్రం లోపల ఏముంది?



ఇళ్ళలో టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ యంత్రాలు ఎలా పుట్టాయో, ఎలా పనిచేసేవో ఈ పాఠంలో తెలుసుకుందాం. మీలో హైదరాబాదులో పెరిగినవారు వీటిని చిన్నప్పుడే చూసి ఉండవచ్చు. ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లాలో, దోర్నాపాల్ నుంచి జగర్‌గుండకు వెళ్ళే దారిలోని చింతలనార్ వంటి ఊళ్ళలో పెరిగినవారు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. చూడనివారికి ఈ పాఠం అందదేమో అన్న సందేహం అక్కరలేదు. దీనికి కావలసిన సామగ్రి ఒక గళ్ళ కాగితం, ఒక పెన్సిలు, గుప్పెడు చింతగింజలు మాత్రమే.

తొలి యంత్రాలు

టీవీని చూడటానికే కాక ఆడటానికి కూడా వాడవచ్చునన్న ఆలోచన 1966లో అమెరికన్ ఇంజనీరు రాల్ఫ్ బేర్‌కు వచ్చింది. దాని ఫలితంగా 1972లో మాగ్నవాక్స్ ఒడిస్సీ అనే యంత్రం అమ్మకానికి వచ్చింది. అందులో మైక్రోప్రాసెసర్ లేదు; ట్రాన్సిస్టర్లు, డయోడ్లే ఉన్నాయి. తెరమీద కొన్ని తెల్లని చుక్కలు, ఒక గీత తప్ప అది మరేమీ చూపలేదు. శబ్దం లేదు. రంగులున్న పారదర్శక ప్లాస్టిక్ షీటును టీవీ అద్దానికి అతికించుకుని, పాయింట్లను కాగితం మీద రాసుకుని ఆడేవారు.

1976లో వచ్చిన ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్‌లో రెండు కొత్త సంగతులున్నాయి: మైక్రోప్రాసెసర్, మార్చుకోగల కార్ట్రిడ్జి. దీని రూపకల్పనకు నాయకత్వం వహించినవారిలో జెర్రీ లాసన్ ముఖ్యుడు. మన పిల్లలు ‘కాసెట్’ అని పిలిచినది ఈ కార్ట్రిడ్జినే. అందులో టేపు ఉండదు. ఆటను శాశ్వతంగా ముద్రించిన రామ్ కాని రోమ్ చిప్ ఉంటుంది.

1977లో అటారీ సంస్థ విడుదల చేసిన యంత్రం తరువాత 2600 అన్న పేరుతో ప్రసిద్ధమైంది. దాని రామ్ 128 బైట్లు. ఇది ఎంత తక్కువో ఊహించండి. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. అంటే 128 బైట్లలో 42 సంకేతాలే పడతాయి. కాస్త పొడవైన వాక్యం కూడా పట్టదు! మరి ఆట ఎలా పట్టింది?

పాతకాలపు టీవీలో ఎలక్ట్రాన్ పుంజం ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి ఒక్కొక్క గీతగా బొమ్మను గీస్తుంది. అటారీ పూర్తి బొమ్మను ఎక్కడా దాచుకోలేదు. పుంజం ఒక్కో గీత దగ్గరకు చేరే సరికి ఆ గీతకు కావలసిన సమాచారాన్ని ప్రోగ్రాము అప్పటికప్పుడు అందించేది. అమెరికా టీవీ పద్ధతిలో ఒక్కో గీతకు ప్రాసెసర్‌కు దొరికేది 76 గడియార స్పందనల సమయమే.

అష్టాచెమ్మా రహస్యం

1983 జులైలో జపాన్‌లో నింటెండో సంస్థ ఫామికామ్‌ను విడుదల చేసింది. దాని తెర అడ్డంగా 256, నిలువుగా 240 చుక్కలు, మొత్తం 61,440. ఒక్కో చుక్కకు 2 బిట్ల చొప్పున దాచినా 15,360 బైట్లు కావాలి. కాని బొమ్మల కోసం ఆ యంత్రంలో ఉన్న రామ్ 2 కిలోబైట్లే.

ఇప్పుడు అష్టాచెమ్మా ఆటను గుర్తుచేసుకోండి. గళ్ళను ఒకసారే గీస్తాం. కాయ కదిలిన ప్రతిసారీ గళ్ళను చెరిపి మళ్ళీ గీయం కదా! ఫామికామ్ కూడా ఇంతే. తెరను 8×8 చుక్కల గళ్ళుగా విభజిస్తే 32×30, అంటే 960 గళ్ళు వస్తాయి. ఏ గడిలో ఏ బొమ్మ ఉండాలో చెప్పే సంఖ్యకు ఒక బైటు చాలు. రంగుల వివరానికి మరో 64 బైట్లు. మొత్తం 1,024 బైట్లు, పదిహేనో వంతు! గళ్ళలో నింపే బొమ్మలు కార్ట్రిడ్జిలో ఉంటాయి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో మబ్బు, పొద ఒకే బొమ్మ. రంగు మాత్రమే వేరు.

కదిలే పాత్రలు అష్టాచెమ్మా కాయల వంటివి. వీటిని స్ప్రైట్లు అంటారు. ఇవి మొత్తం 64 ఉండవచ్చు, కాని ఒకే గీతపై 8కి మించి కనబడవు. అంతకు మించితే వంతులవారీగా చూపేవారు. అందుకే శత్రువులు గుమికూడినప్పుడు బొమ్మలు మినుకుమినుకుమనేవి. అది టీవీ లోపం కాదు.

మన ఇళ్ళలో

1990ల్లో మన పట్టణాల దుకాణాల్లో అమ్ముడైన టీవీ గేములలో చాలావరకు ఫామికామ్‌కు అనుమతి లేని నకళ్ళు. ఆ రోజుల్లో ఒక విద్యార్థిని “అది చదువు చెడగొట్టే పెట్టె” అని నేనే మందలించాను. అప్పట్లో కంప్యూటరు కొనగలిగిన ఇళ్ళు చాలా తక్కువ. నేను నల్లబల్ల మీద ప్రాసెసర్, మెమరీ అని డబ్బాలు గీసి చూపిస్తున్నప్పుడు, అవన్నీ ఉన్న ఒక 8-బిట్ కంప్యూటరు ఆ అబ్బాయి ఇంట్లోనే ఉందన్న సంగతి నాకు తట్టలేదు. ఆ పెట్టెను తరగతికి తెమ్మని అడిగి ఉంటే వాడికీ నాకూ మేలు జరిగేది.

తరువాతి దశలు

1988లో సెగా మెగా డ్రైవ్‌తో 16-బిట్ ప్రాసెసర్, 1994లో సోనీ ప్లేస్టేషన్‌తో సి.డి., త్రిమితీయ చిత్రాలు ప్రాచుర్యం పొందాయి. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 ప్రధాన మెమరీ 32 మెగాబైట్లు. అటారీతో పోలిస్తే ఇది 2,62,144 రెట్లు. ఆ యంత్రం కోసం హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ రూపొందించిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో విడుదలైంది. పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి కన్సోల్ ఆటగా దానికి గుర్తింపు వచ్చింది. అంటే ఆడేవారి స్థానం నుంచి తయారుచేసేవారి స్థానానికి మనవాళ్ళు చేరారన్నమాట.

మీరు చేయవలసిన పని

గళ్ళ కాగితంపై 32×30 గళ్ళ తెర గీయండి. నేల, ఇటుక, మబ్బు, చెట్టు వంటి పది బొమ్మలకు సంఖ్యలు ఇచ్చి, ప్రతి గడిలో ఒక సంఖ్య రాయండి. చింతగింజలను స్ప్రైట్లుగా కదపండి. ఒక వరుసలో ఎనిమిదికి మించనీయకండి. వస్తువు చేతిలో లేకపోయినా దాని సూత్రం మీ చేతికి వస్తుంది.

ఆలోచించండి: ఒక గడిలో 8×8 చుక్కలు, చుక్కకు 2 బిట్లు అయితే ఒక బొమ్మకు ఎన్ని బైట్లు? అలాంటి 256 బొమ్మలకు ఎన్ని?